ఇంటర్ చదివే కొడుకు కాలేజీకి పోనంటున్నాడు, ఇల్లు గడవడం కూడా కష్టంగా ఉంది. తిరుపతిలో ఎవరిని కలవాలి?

రేణిగుంట అమ్మ
అందరికీ నమస్కారం. మా పెద్దోడు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, హాస్టల్‌లో ఉండి చదువుతున్నాడు. దసరా సెలవులకు వచ్చినవాడు తిరిగి పోనంటున్నాడు. రెండు ముద్దలు తిని లేచిపోతాడు, రాత్రంతా మేలుకునే ఉంటాడు, చెల్లెలితో కూడా మాట్లాడడు. పుస్తకం తెరిస్తే చేతులు వణుకుతున్నాయి. వాళ్ళ నాన్న పనిచేసే చోట కాంట్రాక్టు వాళ్ళను తీసేశారు, ఇప్పుడు దొరికిన రోజు కూలికి పోతున్నారు. రెండో టర్మ్ ఫీజు కట్టలేదు, ఇంటి బాడుగ బాకీ పడింది. తక్కువ ఖర్చులో పిల్లాడిని ఎవరికి చూపించాలి? ఈ గడ్డుకాలం దాటేదాకా ప్రభుత్వం నుంచి ఏమైనా సాయం అందుతుందా? డాక్టరుకు చూపిస్తే కాలేజీలో తెలిసిపోతుందా? ఇంకో మాట, వాడిని చూసి చూసి నాకే నిద్ర పోయింది. నాలాంటి తల్లులు మాట్లాడుకునే చోటు ఎక్కడైనా ఉందా?

కొర్లగుంట ఆటో
అక్కా, ఇంకేమీ ఆలోచించకుండా తిరుపతిలో రుయా ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకుపోండి. మనసు జబ్బులు చూసే సైకియాట్రీ ఓపీ ఉంది. పొద్దున్నే పోవాలి. అభా నంబర్, అంటే ఆధార్‌తో తీసుకునే ఆరోగ్య ఐడీ, ముందే చేయించుకుంటే ఓపీ చీటీ దగ్గర నిలబడే పని తగ్గుతుంది. ఆధార్‌కు లింకైన ఫోన్ మీ చేతిలోనే ఉండాలి, ఓటీపీ దానికే వస్తుంది. మా తమ్ముడిని ముందు ఒక ప్రైవేట్ ఆస్పత్రికి తిప్పినాం. తలకు స్కానింగ్, రక్త పరీక్షలు అన్నీ చేయించి, ఏమీ లేదు, టెన్షన్ పెట్టుకోవద్దు అని పంపించేశారు. రుయాలో డాక్టరమ్మ మమ్మల్ని బయట కూర్చోబెట్టి వాడితో ఒక్కడితోనే మాట్లాడింది. తర్వాత మమ్మల్ని పిలిచి, ఈ మాత్ర పని మొదలుపెట్టడానికే రెండు మూడు వారాలు పడుతుంది, అప్పటిదాకా తేడా కనబడలేదని ఆపొద్దు, తేడా కనబడ్డాక బాగైపోయిందని కూడా ఆపొద్దు అని గట్టిగా చెప్పింది. ఆ మాట మీరు కూడా గుర్తుపెట్టుకోండి. మా వీధిలో ఇద్దరు మధ్యలో ఆపేసి మళ్ళీ మొదటికి వచ్చినారు.

పుత్తూరు నాన్న
నిద్ర లేదంటే ఫోన్ ఉందని అర్థం. ముందు ఫోన్ లాక్కోండమ్మా. మా కాలంలో కిరోసిన్ దీపం కింద చదివి ఉద్యోగాలు తెచ్చుకున్నాం. ఈ కాలం పిల్లలకు కష్టమంటే తెలీదు.

గిరింపేట లెక్చరర్
సార్, హాస్టల్ నుంచి వచ్చిన పిల్లాడికి చేతులు వణుకుతున్నాయని ఆ తల్లి రాస్తే మీరు కిరోసిన్ దీపం కథ చెబుతున్నారు. హాస్టళ్ళలో ఫోన్ ఎవరు ఇస్తారు? తెల్లవారుజామున లేపి రాత్రి దాకా స్టడీ అవర్స్, వారం వారం పరీక్షలు, మార్కులు తగ్గితే కింద సెక్షన్‌కి మార్చడం. దీని మీదే సుప్రీంకోర్టు 2025 జూలై 25న మార్గదర్శకాలు ఇచ్చింది. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న అమ్మాయి చనిపోయిన కేసులో వచ్చిన తీర్పు అది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ గానీ సైకాలజిస్టు గానీ సోషల్ వర్కర్ గానీ ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టకూడదు, అందరి ముందు పరువు తీయకూడదు. అమ్మా, మీ అబ్బాయి కాలేజీకి పోయి మీ కౌన్సెలర్ ఎవరు, ఏ రోజుల్లో ఉంటారు అని కాగితం మీద అడగండి. నోటితో అడిగితే రేపు రండి అంటారు.

పుత్తూరు నాన్న
కౌన్సెలర్ ఉంటే ర్యాంకులు వస్తాయా? మా వాడికీ హాస్టల్‌లో కష్టమైంది. నేను పోయి గట్టిగా చెప్పి వచ్చాను, దారికొచ్చాడు.

గిరింపేట లెక్చరర్
మీ వాడు దారికొచ్చాడో, మీకు చెప్పడం మానేశాడో ఒకసారి కూర్చోబెట్టుకుని అడగండి. ఆ రెండు రకాల పిల్లలనూ దగ్గరగా చూసినదాన్ని కాబట్టే చెబుతున్నాను.

బైరాగిపట్టెడ గృహిణి
చదివే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు పడలేదా అక్కా? ఇంట్లో ఎంతమంది చదువుతుంటే అంతమందికీ ఇస్తారు కదా. 15,000లో స్కూలు నిర్వహణకు 2,000 పోను 13,000 తల్లి ఖాతాలో పడుతుంది. ఇంటర్ పిల్లలకు కూడా ఉంది. ఇద్దరు పిల్లలంటే 26,000. ఫీజులో కొంతైనా తీరేది.

రేణిగుంట అమ్మ
పడలేదమ్మా. కరెంటు 300 యూనిట్లు దాటిందని లిస్టులో రాలేదు. మేమున్నది బాడుగ ఇల్లు, మూడు పోర్షన్లకు ఒకటే మీటరు.

సచివాలయం అనుభవం
నేను వార్డు సచివాలయంలో సంక్షేమ పనులే చూశాను. ఈ విషయం నాకన్నా వివరంగా ఇక్కడ ఎవరూ చెప్పలేరు. పథకానికి అర్హులా కాదా అని ఆరు విషయాలు చూసే ఆరంచెల పరిశీలనలో నెలకు సగటున 300 యూనిట్లు దాటితే అనర్హులు. రూల్ అంటే రూలే. సొంత కారు, పన్ను కట్టే ఆదాయం, మాగాణి 3 ఎకరాలు గానీ మెట్ట 10 ఎకరాలు గానీ దాటడం, ఇవన్నీ చూస్తారు. ఆటో, ట్యాక్సీ, ట్రాక్టర్‌కి మినహాయింపు ఉంది.

తిలక్ రోడ్ షాపు
రూల్ సంగతి మాకూ తెలుసు. మూడు కుటుంబాలు కలిసి కాల్చిన కరెంటు ఒక్క కుటుంబం మీద ఎందుకు వేశారన్నదే ప్రశ్న. ఆ మీటరుకు ఆవిడ భర్త ఆధార్ ఎవరు ఎక్కించారు?

సచివాలయం అనుభవం
సర్వేలో ఆ ఇంట్లో ఎవరుంటే వాళ్ళ ఆధార్ ఎక్కుతుంది. కింది ఉద్యోగుల మీద అరిస్తే ఏం లాభం? పైనుంచి వచ్చిన డేటా అది.

తిలక్ రోడ్ షాపు
అరిచింది ఎవరు? మా అత్తగారికి తెలియని మీటర్లు ఆమె పేరు మీద ఎక్కి ఉన్నాయి. పింఛను ఆగిపోతుందని ఆ వయసులో ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఒక్కరు కూడా తప్పు మాది అనలేదు. పైనుంచి, పైనుంచి. ఆ పైన ఎవరున్నారో చెప్పండి, పోయి అడుగుతాం.

సచివాలయం అనుభవం
మీలాంటి వాళ్ళకు ఓపిక ఉండదు. కరెంటు ఆఫీసులో ఆ మీటరు నుంచి మీ ఆధార్ తీసేయమని అర్జీ ఇవ్వాలి. బాడుగ అగ్రిమెంటు, ఆ నెల కరెంటు బిల్లు, ఆధార్ జిరాక్స్ పెట్టాలి. అక్కడ మార్చాక సచివాలయంలో గ్రీవెన్స్ నమోదు చేయాలి. రెండూ చేస్తేనే పని అవుతుంది. చాలామంది మొదటిది చేసి ఇంటికి పోతారు.

కొర్లగుంట ఆటో
ఇదే మాట ముందే చెప్పి ఉంటే ఇంత గొడవ లేదు కదన్నా. అక్కా, మీ అర్జీ నంబర్ ఫోటో తీసి పెట్టుకోండి.

బైరాగిపట్టెడ గృహిణి
ఇంటి ఓనర్లు అగ్రిమెంటు రాసివ్వరు, అదే అసలు బాధ. మా ఓనర్‌ని అడిగితే ఇల్లు ఖాళీ చేయమన్నాడు.

మైండ్ పవర్ తిరుపతి
నేను సైకాలజీలో పీజీ చేశాను. ఇలాంటి కేసులు ఎన్నో చూశాను. మందులకు అలవాటు చేయకండి, పిల్లాడు మొద్దుబారిపోతాడు. నా దగ్గరికి పంపండి, ఏడు సెషన్లలో మామూలు మనిషిని చేస్తాను. ఫీజు సంగతి విడిగా మాట్లాడుకుందాం.

స్టాఫ్ నర్స్ చిత్తూరు
మీ ఆర్‌సీఐ, అంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఇక్కడ రాయండి సార్.

మైండ్ పవర్ తిరుపతి
నా అనుభవమే నా నంబర్. నన్ను ప్రశ్నించే స్థాయి నర్సులకు లేదు.

స్టాఫ్ నర్స్ చిత్తూరు
స్థాయి సంగతి వదిలేయండి. క్లినికల్ సైకాలజిస్టు అంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన చదువు, రిజిస్ట్రేషన్ ఉండాలి. మందు రాసేది సైకియాట్రిస్టు, అంటే ఎంబీబీఎస్ తర్వాత ఆ పీజీ చేసిన డాక్టరు. ఒక పీజీ చేసి మనసు విప్పి మాట్లాడించేవాళ్ళలో మంచివాళ్ళు ఉన్నారు, వాళ్ళను తక్కువ చేయను. కానీ పిల్లాడిని చూడకుండానే మందు మానమనేవాళ్ళను, ఇన్ని రోజుల్లో బాగుచేస్తాననేవాళ్ళను దగ్గరికి రానీయకండి. మా వార్డులోకి అలా మందు ఆపించేసిన పిల్లలు వచ్చారు, వాళ్ళ అమ్మల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తే.

అమ్మా, మీరు ఈ ఒక్కటి ముందు చేయండి. వాడు చచ్చిపోతాననడం, తన వస్తువులు పంచిపెట్టడం, నేను లేకపోతే మీకు బరువు తగ్గుతుందనడం లాంటివి ఉన్నాయా గమనించండి. సూటిగా అడగొచ్చు కూడా. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఉందని చెబితే ఒంటరిగా వదలొద్దు, మాత్రలు, పురుగుమందు డబ్బాలు ఇంట్లో లేకుండా చేయండి, ఓపీ రోజు కోసం చూడకుండా 108కి ఫోన్ చేసి క్యాజువాలిటీకి తీసుకుపోండి.

గంగమ్మ బిడ్డ
డాక్టర్లతో పాటు తాతయ్యగుంట గంగమ్మకు మొక్కుకోండి తల్లీ. మా అక్క కూతురికి గాలి సోకిందని అందరూ అన్నారు, అమ్మవారి దయతో తేరుకుంది.

స్టాఫ్ నర్స్ చిత్తూరు
మొక్కుకోండి, తప్పులేదు. నేనూ మొక్కుకుంటాను. డాక్టరు రాసిన మాత్ర మాత్రం టైముకు పడాలి.

పలమనేరు ఒంటరి తల్లి
ఫీజుల సంగతి వచ్చింది కాబట్టి నా సంగతి చెబుతాను. మా ఆయన పోయాక పాపకు మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్ వచ్చింది, నెలకు 4,000. తండ్రి లేని పిల్లలకు, భర్త వదిలేసిన తల్లుల పిల్లలకు, తల్లిదండ్రులకు ప్రాణాంతకమైన జబ్బు ఉన్న ఇళ్ళ పిల్లలకు ఇస్తారు. ఏడాది ఆదాయం పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 లోపు ఉండాలి. అర్జీ జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి పోతుంది. అంగన్‌వాడీ టీచర్‌ని అడిగితే ఆ ఆఫీసు దారి చెబుతుంది. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, స్కూలు గేటు దగ్గర ఇంకో అమ్మ చెబితే తెలిసింది. పాప ఫీజు, బస్ పాస్ ఇప్పుడు దాంతోనే నడుస్తున్నాయి.

పుత్తూరు నాన్న
వీటికి చిత్తూరు కలెక్టరేట్‌కి పోవాలా?

పలమనేరు ఒంటరి తల్లి
నాది చిత్తూరు జిల్లా కాబట్టి నేను చిత్తూరు పోయినాను. రేణిగుంట, తిరుపతి వాళ్ళకు తిరుపతిలోనే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి కదా సార్. ఇప్పటికీ పాత అలవాటుతో బస్సెక్కి చిత్తూరు వచ్చి ఉత్త చేతులతో పోయేవాళ్ళు ఉన్నారు.

తిలక్ రోడ్ షాపు
బియ్యం కార్డు ఉంటే మనిషికి 5 కిలోలు ఉచితం. చౌక దుకాణం నెలలో 1 నుంచి 15 దాకా తెరుస్తారు, పొద్దున 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8. కూలికి పోయే మీ ఆయనకు అన్న క్యాంటీన్‌లో 5 రూపాయలకే పూట గడుస్తుంది. దాన్ని చిన్నతనంగా అనుకోవద్దు. మా షాపులో పనిచేసే పిల్లలందరూ అక్కడే తింటారు.

రేణిగుంట అమ్మ
అందరికీ చాలా థ్యాంక్స్. కాలేజీకి తెలుస్తుందా అన్నది ఎవరూ చెప్పలేదు. వాడికి అదే భయం. పిచ్చోడంటారు అని ఒకటే ఏడుపు.

గిరింపేట లెక్చరర్
అయ్యో, అది అడిగారు కదా. తెలియదమ్మా. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని స్పష్టంగా ఉంది. కాలేజీ ఫోన్ చేసినా డాక్టరు చెప్పకూడదు. సెలవు కోసం సర్టిఫికెట్ కావాల్సి వస్తే అనారోగ్యం, ఇన్ని రోజులు విశ్రాంతి అని మాత్రమే రాయమని అడగండి, జబ్బు పేరు అక్కర్లేదు. ఆ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు జిరాక్స్ మీద ఆఫీసులో సంతకం, తేదీ వేయించుకోండి. రేపు హాజరు తక్కువైందని అంటే చూపించడానికి పనికొస్తుంది. పిల్లాడికి కూడా ఇదే చెప్పండి, నీ పేరు బయటికి రాదు, చట్టం నీ పక్కనే ఉంది అని.

మైండ్ పవర్ తిరుపతి
చట్టాలు చదివితే మనసు కుదుటపడదు మేడం.

కొర్లగుంట ఆటో
నంబర్ రాసిన తర్వాత మాట్లాడన్నా.

పలమనేరు ఒంటరి తల్లి
రేణిగుంట అక్కా, మీ చివరి మాటకు ఇంతమందిలో ఎవరూ జవాబు ఇవ్వలేదు. 14416కి మీ కోసమే ఫోన్ చేయండి. టెలి మానస్ అంటారు, మనసు బాధలు చెప్పుకునే ప్రభుత్వ ఫోన్ లైను, 2022 అక్టోబరు 10న మొదలైంది, ఉచితం, ఏ రాత్రయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. జబ్బు ఉన్నవాళ్ళే చేయాలని లేదు. మా ఆయన పోయిన కొత్తలో వంటింట్లో నీళ్ళ కుళాయి తిప్పి పెట్టి, పాపకు వినబడకుండా మాట్లాడేదాన్ని. అవతల అమ్మాయి నీతులు చెప్పలేదు. ఈ రోజు అన్నం తిన్నారా, ఎవరితోనైనా మాట్లాడారా అని అడిగింది. తర్వాత మా జిల్లాలో ఎక్కడ చూపించుకోవచ్చో కూడా చెప్పింది.

తల్లులు కూర్చుని మాట్లాడుకునే చోటు నాకు తెలిసి ఇక్కడ లేదు. మనమే పెట్టుకుందాం. నేను పాప పని మీద తిరుపతి వస్తూ ఉంటాను. ప్రకాశం పార్కులో ఆదివారం సాయంత్రం కలుద్దామా? పిల్లలను తెచ్చుకోవచ్చు, డబ్బు పని లేదు.

బైరాగిపట్టెడ గృహిణి
నేను వస్తాను. మా చెల్లెలిని కూడా తీసుకొస్తాను, ఆమెకు చాలా అవసరం.

స్టాఫ్ నర్స్ చిత్తూరు
డ్యూటీ లేని ఆదివారం నేనూ వస్తాను. వచ్చేవాళ్ళు ఆస్పత్రి చీటీలు ఉంటే తెచ్చుకోండి, మందుల టైములు చూసి చెబుతాను.

పుత్తూరు నాన్న
తండ్రులు రావచ్చా?

పలమనేరు ఒంటరి తల్లి
రండి సార్. మీ అబ్బాయికి ఇష్టమైతే తీసుకురండి.

తిలక్ రోడ్ షాపు
సచివాలయం సార్ కూడా వస్తే మీటరు అర్జీలు అక్కడే రాయిద్దాం. మా అత్తగారిది ఇంకా తేలలేదు.

సచివాలయం అనుభవం
వస్తాను. ఒక్కో కుటుంబం కరెంటు బిల్లు, ఆధార్ రెండేసి జిరాక్సులు తెచ్చుకోండి. అగ్రిమెంటు లేనివాళ్ళు బాడుగ ఫోన్‌పేలో పంపిన రికార్డు తీయించుకోండి, అర్జీకి జత చేద్దాం.