ఎడెక్స్‌ను అమ్మేయడం తప్పా? మన ప్రభుత్వ కాలేజీలు దీన్నుంచి ఏం తెలుసుకోవాలి?

కృష్ణాతీరం (చర్చ మొదలుపెట్టినవారు):
2012లో హార్వర్డ్, ఎంఐటీ చెరో 3 కోట్ల డాలర్లు పెట్టి ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికను లాభాపేక్ష లేని సంస్థగా మొదలుపెట్టాయి. 2021లో దాన్ని టూయూ అనే కంపెనీకి 80 కోట్ల డాలర్లకు అమ్మేశాయి. 2024 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మన డిగ్రీ, ఇంజినీరింగ్ పిల్లల కోసం ఇదే ఎడెక్స్‌తో ఒప్పందం చేసుకుంది. ఆరు నెలలు తిరక్కుండానే టూయూ అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. నేననేది ఒకటే. అందరి చదువు కోసమని చెప్పి ఎన్నో యూనివర్సిటీల ప్రొఫెసర్ల చేత పాఠాలు చెప్పించుకుని, తర్వాత ఆ వేదికను బేరానికి పెట్టడం అన్యాయం. కాదనేవాళ్లు రండి.

డాలస్_బుజ్జి:
అన్నా, కాస్త ఆగు. అమ్మకపోతే ఏమయ్యేదో కూడా చెప్పాలి కదా. అదే 2021 మార్చిలో ఇలాంటిదే మరో ఆన్‌లైన్ కోర్సుల కంపెనీ కోర్సెరా న్యూయార్క్ స్టాక్ మార్కెట్లో లిస్టయ్యి దండిగా డబ్బు తెచ్చుకుంది. దాంతో పోటీపడాలంటే విరాళాలు ఏ మూలకి? పైగా ఆ 80 కోట్లు ఎవరి జేబులోకీ పోలేదు. హార్వర్డ్, ఎంఐటీ నడిపించే లాభాపేక్ష లేని సంస్థకే వెళ్లాయి. ఇప్పుడు దాని పేరు యాక్సిమ్ కొలాబరేటివ్. ఎడెక్స్ వేదికను నడిపే ఓపెన్ ఎడెక్స్ సాఫ్ట్‌వేర్ బాధ్యతా దానిదే. టూయూ అప్పు తెచ్చి కొనుక్కుని మునిగింది. అది కొన్నవాడి తలనొప్పి. దివాలా అన్నారు గానీ ఎడెక్స్ మూతపడలేదు.

కృష్ణాతీరం:
మూతపడలేదు, నిజమే. పడితే ఎవరిని అడగాలి? మన ఒప్పందం చేతులు మారిన కంపెనీతో కదా.

లెక్చరరమ్మ:
నేను ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో పాఠం చెబుతాను. మీరిద్దరూ యజమాని ఎవరన్న దగ్గరే ఆగిపోయారు. మా పిల్లలు ఆన్‌లైన్ కోర్సు ఎలా చేస్తారో చెప్తా వినండి. ల్యాబ్‌లో కంప్యూటర్లు సరిపోవు కాబట్టి అంతా ఫోన్లోనే. అమెరికా ప్రొఫెసర్ ఇంగ్లిష్ అందక వీడియో స్పీడు 0.75కి తగ్గించి, కింద వచ్చే అక్షరాలు చదువుకుంటూ మధ్యమధ్యలో ఆపుతారు. గంట పాఠం గంటన్నర దాటుతుంది. సాయంత్రానికి ఆ రోజు డేటా అయిపోతుంది. ఇక క్విజ్ జవాబులంటారా, వాట్సాప్ గ్రూపులో ముందే తిరుగుతుంటాయి. సర్టిఫికెట్ చేతికొస్తుంది. సబ్జెక్టులో ఒక ప్రశ్న వేస్తే మాత్రం తల దించుకుంటారు.

మన దేశపు ఆన్‌లైన్ కోర్సుల పథకం ఎన్‌పీటెల్ కొంత నయం. ఐఐటీలూ ఐఐఎస్సీ కలిసి ప్రభుత్వ డబ్బుతో నడుపుతున్నాయి. వినడానికి పైసా కట్టక్కర్లేదు, సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష సెంటర్‌కు వెళ్లి రాయాల్సిందే, అక్కడ వాట్సాప్ పనిచేయదు. కొన్ని కోర్సుల పాఠాలు తెలుగులో చదువుకోవడానికీ దొరుకుతాయి. అయినా సరే, టైమ్‌టేబుల్లో దానికో పీరియడ్ పెట్టి, డౌట్లు తీర్చడానికి ఒక మనిషిని కూర్చోబెట్టకపోతే అదీ అంతే. ఏ ఒప్పందంలోనైనా నేను ముందు వెతికేది ఆ మనిషి జీతం గురించే. ఇంతవరకు కనపడలేదు.

సర్వర్_సుబ్బారావు:
మేడమ్ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. దానికి ఒకటి కలుపుతా. ఓపెన్ ఎడెక్స్‌ను ఎవరైనా ఉచితంగా దించుకుని సొంతంగా నడుపుకోవచ్చు. ఐఐటీ బాంబే తన ఆన్‌లైన్ కోర్సుల వేదికను దాని మీదే కట్టుకుంది. ఫ్రాన్స్ ప్రభుత్వం 2013లోనే అదే పని చేసి తమ యూనివర్సిటీల కోర్సులు పెట్టింది. రేపు ఎడెక్స్‌ను ఇంకెవరు కొన్నా వాళ్లకు బెంగ లేదు, మార్కులూ రికార్డులూ వాళ్ల దగ్గరే ఉంటాయి. మన యూనివర్సిటీలు ఎందుకు చేయవు?

డాలస్_బుజ్జి:
ఎందుకంటే సర్వర్ రాత్రి రెండింటికి పడిపోతే లేపేవాడు కావాలి. పరీక్ష ఫలితాల రోజు వెబ్‌సైట్లు ఎలా ఉంటాయో మనకు తెలీదా 😀

సర్వర్_సుబ్బారావు:
అందుకే ఒక్కో యూనివర్సిటీ విడివిడిగా కాదు, రాష్ట్రమంతటికీ ఒకటే. ఏడెనిమిది మంది ఇంజినీర్లతో మొదలుపెట్టొచ్చని నా అంచనా.

కృష్ణాతీరం:
సరే, అమ్మడం అన్యాయమన్న మాట వెనక్కి తీసుకోను. కానీ సుబ్బారావు గారి లెక్కలో మేడమ్ అడిగిన మనిషి జీతం ఎక్కడుంది?

లెక్చరరమ్మ:
అదే నేనూ చూస్తున్నా. ఆ ఏడెనిమిది మందిలో ఇద్దరిని తగ్గించినా సరే, ముందు కాలేజీకొక ట్యూటర్ని వేయమనండి. సర్వర్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.