నడుం దెబ్బ తగిలిన 12 రోజులకి చెప్పు జారిపోతోంది, ఏ పరీక్ష ముందు చేయించాలి?

చీమకుర్తి నుంచి:
మా తమ్ముడు గ్రానైట్ ఫ్యాక్టరీలో పలక జరుపుతూ వెల్లకిలా పడ్డాడు. ఎక్స్‌రే తీసి ఎముక విరగలేదన్నారు. నడుం నొప్పి తగ్గింది గానీ కుడి పిర్ర నుంచి పిక్క పక్కగా పాదం పైదాకా జివ్వుమని లాగుతోంది. బొటనవేలు దగ్గర మొద్దుబారింది. నడుస్తుంటే హవాయి చెప్పు ఊడిపోతోంది, ఊడిన సంగతి వాడికి తెలియడం లేదు. షుగర్ లేదు. ఎమ్మారై ముందా, ఈఎంజీ (కండరంలో సూది పెట్టి నరం పని చూసే పరీక్ష) ముందా? నడుం తొక్కిస్తే సర్దుకుంటదని ఇంట్లో పెద్దవాళ్లు అంటన్నారు.

ఫిజియో, ఒంగోలు:
తొక్కించకండి. డిస్కు జారి ఉంటే ఆ ఒత్తిడికి ఇంకాస్త బయటికొచ్చి నరాన్ని మరింత నలిపేస్తుంది. ఎక్స్‌రేలో డిస్కూ కనపడదు, నరమూ కనపడదు. నొప్పి తగ్గుతూ పాదంలో బలం పోతుంటే దాన్ని బాగుపడటం అనుకోవద్దు. డాక్టరు ముందు కూర్చోగానే చెప్పు ఊడే సంగతే మొదట చెప్పండి.

ఈలోగా మీరు చూడగలిగినవి ఉన్నాయి. గోడ పట్టుకుని మడమల మీద 10 అడుగులు నడవమనండి. కుడి పాదం ముందు భాగం లేవకపోతే ఎల్4, ఎల్5 వైపు అనుమానం (ఎల్, ఎస్ అంటే నడుం దగ్గర వెన్ను నుంచి కాలికి వచ్చే నరాలకి పెట్టిన నంబర్లు). ఒంటికాలి మీద నిలబడి మడమ 10 సార్లు ఎత్తలేకపోతే ఎస్1. తర్వాత పడుకోబెట్టి రెండు బొటనవేళ్లూ తనవైపు లాగి పట్టుకోమనండి. మీ చూపుడువేళ్లు రెండు గోళ్ల మీదా పెట్టి ఒకేసారి కిందికి నొక్కండి. ఎడమది గట్టిగా నిలిచి కుడిది లొంగిపోతే ఎల్5 అనుమానం బలపడుతుంది.

ఒక చిక్కుంది. మోకాలి కింద బయటి పక్క ఎముకను చుట్టుకుని పెరోనియల్ నరం వెళ్తుంది. పలక అక్కడ తగిలినా, గంటల తరబడి గొంతుక్కూర్చుని పని చేసినా పాదం ఇలాగే జారుతుంది. తేడా తెలియాలంటే పాదం వేలాడకుండా మీ చేత్తో నిటారుగా ఆనించి, అరికాలు లోపలివైపు తిప్పమనండి. ఆ బలం బాగుంటే మోకాలి దగ్గరి నరం, అదీ తగ్గితే నడుం.

ఈఎంజీ టెక్నీషియన్, నెల్లూరు:
ఎమ్మారై ముందండీ. ఈఎంజీ 12వ రోజున చేస్తే సగం సంగతే తెలుస్తుంది. నరం నలిగాక కండరంలో ఆ మార్పు సూదికి దొరకాలంటే వెన్ను కండరాల్లో వారం, పది రోజులు, కాలి కండరాల్లో దాదాపు 3 వారాలు పడుతుంది. తొందరపడి చేయించి ‘నార్మల్’ అని రాయించుకుని పనికి వెళ్తే నష్టం. 3, 4 వారాల మధ్య రండి.

నడుం దగ్గర నరం వేరు (వెన్ను నుంచి నరం మొదలయ్యే చోటు) నలిగితే పాదం మొద్దుబారినా, ఎన్‌సీఎస్‌లో, అంటే చర్మం మీద చిన్న కరెంటు ఇచ్చి నరాన్ని చూసే పరీక్షలో, స్పర్శ రీడింగు మామూలుగానే వస్తుంది. స్పర్శ నరం కణాలు ఆ నలిగిన చోటికి బయటివైపు ఉంటాయి కాబట్టి అక్కణ్నుంచి పాదానికి వెళ్లే నరం తీగ చావదు. మోకాలి దగ్గర నలిగితే మాత్రం ఆ రీడింగు పడిపోతుంది. అందుకే ఒక్క ఎన్‌సీఎస్‌తో సరిపెట్టుకోకుండా, వెన్ను కండరాలతో కలిపి కనీసం 5, 6 కండరాల్లో సూది పరీక్ష అడగండి. ఆ రోజు కాలికి నూనె రాయొద్దు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి.

కటింగ్, గ్రైండింగ్ పని చేసేవాడు గదా, ఎప్పుడైనా కంట్లో ఇనుప రజను పడిందేమో అడగండి. పడుంటే ఎమ్మారైకి ముందు ఆ మాట చెప్పి కంటి ఎక్స్‌రే తీయించాలి.

స్టాఫ్ నర్స్, కావలి:
మూత్రం సంగతి ఎవరూ అడగలేదు. సైకిల్ సీటు ఆనే చోట స్పర్శ తగ్గిందా, దొడ్డికెళ్లి కడుక్కునేటప్పుడు చెయ్యి తగిలినట్టు తెలుస్తోందా, మూత్రం ఆగిపోతోందా, తెలియకుండా పోతోందా, ఎడమ కాలూ లాగుతోందా అని అడగండి. మగపిల్లకాయలు సిగ్గుపడి చెప్పరు, మీరు విడివిడిగా అడగాలి. ఇవి వెన్ను చివర ఉండే నరాల గుత్తి నలిగిపోతోందనడానికి గుర్తులు, వీటిలో ఒక్కటున్నా తెల్లవారేదాకా ఆగొద్దు. ఏమీ తినిపించకుండా ఎమ్మారై, వెన్ను ఆపరేషన్ రెండూ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. మూత్రం పోశాక స్కాన్ చేస్తే లోపల 200 మిల్లీలీటర్లకి మించి మిగిలి ఉంటే అనుమానం బలపడుతుంది. ఇందులో గంటలే లెక్క.

చీమకుర్తి నుంచి:
మూత్రం బానే ఉంది, అడిగాం. మడమల మీద కుడి పాదం లేవలేదు. బొటనవేలు లొంగిపోయింది. లోపలికి తిప్పే బలమూ తగ్గింది. కంట్లో రజను ఎప్పుడూ పడలేదన్నాడు.

ఫిజియో, ఒంగోలు:
అయితే ఎల్5 వైపే చూపిస్తోంది. రేపే వెన్ను డాక్టరుకి చూపించండి. పాదం తన బరువునే ఎత్తలేకపోతే కండరం బలం 5కి 3 కంటే తక్కువ గ్రేడు, వారం తర్వాత అపాయింట్‌మెంట్ ఇస్తే ఒప్పుకోవద్దు. ఎమ్మారై రిపోర్టులో రెండు మూడు చోట్ల డిస్కు ఉబ్బిందని రాసినా భయపడకండి, దెబ్బ లేనివాళ్లకీ ఉంటాయి. కుడివైపు ఎల్5 వేరు నలిగిందా లేదా అన్నదే చూడాలి. ఆ పాదానికి కాపడం పెట్టొద్దు, కాలినా వాడికి తెలియదు. హవాయి తీసేసి మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులు వేయండి.