అప్‌డేట్: మా ఆవిడ హ్యాండ్‌బ్యాగు నేను మోయడం గురించి

మా ఆవిడ హ్యాండ్‌బ్యాగు నా భుజాన చూసి ఆఫీసులో నవ్వుతున్నారు, మానేయాలా అని అడిగాను కదా. మానలేదు. ఆమెకు మెడనొప్పి. నొప్పి లేకపోయినా మోస్తాను.

నవ్విన సహోద్యోగితో నేరుగానే మాట్లాడాను. తిరుమల మెట్లదారి మొదలయ్యే అలిపిరిలో పెద్ద సామాను ఉచిత లగేజీ కౌంటర్‌లో ఇచ్చేశాక కూడా, 3,550 మెట్లూ ఇంటివాళ్ల చేతిసంచులు మోస్తూ ఎక్కే మగవాళ్లు ఎంతమందో! అక్కడ ఎవరూ నవ్వరు. ఇక్కడ ఊళ్లో, గాంధీ రోడ్డులో మోస్తే మగతనానికి లోటేమిటన్నాను. జవాబు చెప్పలేదు, ఎగతాళి మాత్రం ఆగింది.

నా అసలు టెన్షన్ మా అబ్బాయి గురించే. హైస్కూలుకు వచ్చాడు, స్నేహితుల ముందు సిగ్గుపడుతున్నాడు. అమ్మకు సాయం చేయడంలో సిగ్గెందుకని అడిగాను. "సరే నాన్నా, స్కూలు గేటు దగ్గర మాత్రం వద్దు" అన్నాడు. ప్రస్తుతానికి ఒప్పుకున్నాను.