1942లో కాకినాడ మీద బాంబులు పడినప్పుడు మా తాతగారి చెల్లెలు పుట్టింటికి ఎలా చేరారు?

లంకగట్టు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది అమలాపురానికి దగ్గరలోని పల్లె. మా కుటుంబ చరిత్రను చిన్న పుస్తకంగా రాస్తూ ఒకచోట ఆగిపోయాను. పెద్దలెవరైనా దారి చూపుతారని ఇక్కడ అడుగుతున్నాను.

మా తాతగారికీ ఆయన ఒక్కగానొక్క చెల్లెలికీ ఏడేళ్ళపాటు మాటలు లేవు, రాకపోకలు లేవు. చెల్లెలి కూతురిని మా పెదనాన్నగారికి చేసుకుంటామని చిన్నప్పటినుంచీ అనుకున్న మేనరికాన్ని కాదని, తాతగారు బయటి సంబంధం ఖాయం చేయడమే అందుకు కారణం. ఆ తర్వాత రెండేళ్ళకు వాళ్ళ తల్లి పోయినప్పుడు ఆవిడ కాకినాడనుంచి వచ్చి, శవం లేచేదాకా అరుగుమీదే కూర్చుని, పుట్టింట పచ్చి మంచినీళ్ళయినా ముట్టకుండా తిరిగి వెళ్ళిపోయారట.

కాకినాడమీద జపాను విమానాలు బాంబులు వేసిన వారంలోనే ఆవిడ అత్తగారినీ, పురిటికి వచ్చి ఉన్న కూతురినీ, ఇద్దరు చిన్న కొడుకులనూ వెంటబెట్టుకుని మా ఇంటికి చేరారు. రేవులో ఉద్యోగం కావడంవల్ల భర్త అక్కడే ఉండిపోయారు. ఇంతవరకు రెండు ఇళ్ళవాళ్ళూ ఒకటే చెబుతారు. తాతగారే వెళ్ళి తీసుకువచ్చారని మావాళ్ళు అంటారు. పిలవని పేరంటానికి వచ్చినట్టు తల వంచుకుని వచ్చింది తమ మామ్మేనని, అన్నగారు గుమ్మం దిగలేదని కాకినాడలో ఉన్న ఆవిడ మనవలు అంటారు. ఆ మాట దగ్గరే మా రెండు కుటుంబాల మధ్య ఇప్పటికీ కొంత ముభావం మిగిలి ఉంది.

నా దగ్గరున్న ఆధారం తాతగారి చిట్టా పుస్తకం ఒక్కటే. అంచులు చెదలు తినగా, నల్ల సిరా గోధుమరంగుకు తిరిగింది. చిత్రభాను సంవత్సరం చైత్ర బహుళ దశమి నాటి పద్దులో ఇలా ఉంది: "కోటిపల్లి రేవు కేవు, పోను మనిషి 1, రాను మనుషులు 6. బండి కిరాయి. ఇంటి వాడుక బియ్యం మానికలు 5." కేవు అంటే రేవు దాటించినందుకు ఇచ్చే పడవ కూలి, మానిక అంటే పాతకాలపు గింజల కొలత. అంతకు ముందు నెలంతా బియ్యం మూడు మానికలే. చెల్లెలు వచ్చిందన్న మాట మాత్రం ఎక్కడా లేదు. ఈ పద్దును ఎలా చదవాలి?

పాతదస్తరం:

లంకగట్టు గారికి నమస్కారం. తేదీల సంగతి ముందు చెబుతాను. బాంబులు పడినది 1942 ఏప్రిల్ 6, సోమవారం. విశాఖపట్నం మీదా కాకినాడ మీదా ఒకే రోజున పడ్డాయి. ఆ సంవత్సరం ఉగాది మార్చి మూడో వారంలో వచ్చింది కనుక, మీ చిట్టాలోని బహుళ దశమి బాంబులు పడిన నాలుగైదు రోజులకే అవుతుంది. కాబట్టి వారంలోనే వచ్చారన్న మాట నిజమే.

అప్పటి భయాన్ని ఇప్పుడు ఊహించడం కష్టం. ఫిబ్రవరి 15న సింగపూరు, మార్చి 8న రంగూను, ఆ నెలలోనే అండమాన్లు జపాను వశమయ్యాయి. సముద్రంలో మన ఎదుటి ఒడ్డంతా శత్రువు చేతికి వెళ్ళిందని, తర్వాత దిగేది మన తీరంలోనేనని జనం నమ్మారు. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని సైతం ఆ సంవత్సరమే గుంటూరుకు తరలించారు. పల్లెలో అయినవాళ్ళున్న ప్రతి పట్నవాసీ, వాళ్ళతో మాటలున్నా లేకపోయినా, ఆ రోజుల్లో పల్లెదారి పట్టాడు.

ఇక దారి విషయం. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో వేసిన రైలు మార్గం పట్టాలను యుద్ధ అవసరాల కోసం 1940లోనే పీకేశారు. అది మళ్ళీ వచ్చింది 2004లో. అందువల్ల మీవాళ్ళు ద్రాక్షారామం మీదుగా బండిలో కోటిపల్లి చేరి, అక్కడ గోదావరి పాయ అయిన గౌతమిని దాటి ముక్తేశ్వరంలో దిగి ఉంటారు. నిండు నెలల పిల్లతోనూ ముసలావిడతోనూ అది చిన్న ప్రయాణం కాదు.

మీ పద్దులో నాకు ముఖ్యంగా కనిపిస్తున్నది "పోను మనిషి 1" అన్న మాట. వచ్చినవారు మీరు చెప్పిన లెక్క ప్రకారం అయిదుగురే. ఆవిడ తనంతట తాను వచ్చి ఉంటే మీ తాతగారి చిట్టాకు పోను కేవుతో పని లేదు, రాను కేవు ఆరుగురికి కాదు. ఈ ఇంటినుంచి ఎవరో ఒకరు రేవు దాటి వెళ్ళి, అయిదుగురిని వెంటబెట్టుకుని వచ్చారు. అది తాతగారా, పాలేరా అన్నదే మిగిలిన ప్రశ్న. పాలేరును పంపితే ఆ కాలపు చిట్టాల్లో సాధారణంగా అతని పేరూ దారిబత్తెమూ రాస్తారు. మిగతా పుటల్లో అలా ఉందేమో చూడండి. తాను చేసిన ప్రయాణానికి ఇంటి యజమాని తన పేరు తానే రాసుకోడు.

నరసాపురం ఆడపడుచు:

నేను చరిత్ర చదివినదాన్ని కాను గాని, మీ ప్రశ్న చదివాక నిద్ర పట్టలేదు. మా ఇంట్లోనూ అదే ఏడాది ఇలాంటిదే జరిగింది.

మా అమ్మమ్మ అన్నగారు తండ్రితో పోట్లాడి, కాకినాడలో స్టీమరెక్కి రంగం వెళ్ళిపోయారు. రంగూనును మనవాళ్ళు అలాగే అనేవారు. అక్కడ బియ్యం మిల్లులో పని. తొమ్మిదేళ్ళు ఉత్తరం ముక్క రాయలేదు. 1941 డిసెంబరు 23న రంగం మీద బాంబులు పడ్డాక, వేలమందితో కలిసి అరకాను కొండలు నడిచి దాటి, చిట్టగాంగు చేరి, అక్కడినుంచి రైళ్ళు మారుతూ ఎండలు ముదిరే వేళకు ఇంటికి వచ్చారు. వాకిట్లో నిలబడిన మనిషిని తల్లి ఆనవాలు పట్టలేకపోయిందట. తండ్రి మాత్రం ఏమీ అడగలేదు. తన విస్తరి పక్కన ఇంకో విస్తరి వేయమని మా అమ్మమ్మకు సైగ చేసి, తన విస్తరిలో కలిపిన మొదటి ముద్దను తీసి ఆ విస్తరిలో పెట్టారట. ఆ తర్వాత కూడా వాళ్ళిద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. యుద్ధం ముగిశాక ఆయన మళ్ళీ రంగం వెళ్తానంటే, తండ్రి రేవుదాకా వెళ్ళి సాగనంపారు.

అందుకని మీకు ఒక మాట చెబుతాను. బాంబుల భయం మనుషులను గుమ్మందాకా తెస్తుంది. లోపలికి రావడం వేరే సంగతి, దాన్ని ఆడవాళ్ళ పద్దుల్లో వెతకాలి. ఎవరిని కాదన్నందుకు తగువు వచ్చిందో ఆ పిల్లే నిండు నెలలతో ఆ ఇంటికి వచ్చిందా? అయితే ఆమెకు పురుడు పోసింది ఎవరు? వైశాఖ జ్యేష్ఠాలలో శొంఠి, మిరియాలు, మంత్రసాని అన్న మాటలు ఉన్నాయేమో చూడండి. తాను కోడలు కావలసిన ఇంట్లో, తన బదులు వచ్చిన కోడలి చేతి కాయం (బాలింతకు పెట్టే మందు) తినవలసివచ్చిన ఆ అమ్మాయి మనసు గురించి కూడా మీ పుస్తకంలో నాలుగు వాక్యాలు రాయండి. ఎవరు ముందు వంగారన్న లెక్కలో ఆమె ఊసే లేదు.

లంకగట్టు:

ఇద్దరికీ నా నమస్కారాలు. మీరు చెప్పినట్టు పుస్తకాన్ని మళ్ళీ మొదటినుంచి చూశాను.

పాలేరును పంపిన ప్రతిసారీ అతని పేరూ దారిబత్తెమూ ఉన్నాయి, ఆ ఒక్క రోజున తప్ప. అంతకంటే పెద్ద ఆధారం ఇన్నేళ్ళూ నా కళ్ళ ఎదుటే ఉన్నా గుర్తించలేకపోయాను. దశమికి ముందున్న అష్టమి, నవమి పద్దులు తాతగారి చేతిరాతలో లేవు. గుండ్రంగా, పెద్ద పెద్ద అక్షరాలతో, తలకట్టులు గీతదాటి పైకి వెళ్ళిన రాత అది. అప్పటికి పదేళ్ళవాడైన మా నాన్నగారిది. ఆయన బడి పుస్తకం ఒకటి మా పెట్టెలో ఉంటే పక్కన పెట్టి పోల్చి చూశాను. ఆ రెండు రోజులూ ఇంటి వాడుక బియ్యం మూడు మానికలు కాదు, రెండున్నర. ఇంట్లో ఒక మనిషి తక్కువ.

ఆడపడుచు గారూ, మీరు అడిగిన అమ్మాయి ఆమే. వైశాఖ బహుళంలో "శొంఠి, మిరియాలు, పాత బెల్లం" అనీ, ఆ కిందనే "మంత్రసానికి చీర 1, బియ్యం కుంచం" అనీ ఉంది. కాయం మా పెద్దమ్మే కలిపి పెట్టిందని, ఇరవై ఒకటో రోజున బిడ్డను ఉయ్యాలలో వేసింది కూడా తనేనని తొంభై ఏళ్ళు దాటిన మా మేనత్తగారు నిన్న ఫోనులో చెప్పారు. ఇంతకాలం ఎందుకు చెప్పలేదని అడిగితే, "మీరెవరూ అడగలేదుగా నాయనా" అన్నారు.

అయిదు మానికల లెక్క కార్తీకందాకా సాగింది.

పుస్తకం సంగతి తర్వాత చూస్తాను. అష్టమి, నవమి, దశమి పుటలను ఫోటోలు తీయించి పెట్టుకున్నాను. వచ్చే ఆదివారం కోటిపల్లి రేవు దాటి కాకినాడ వెళ్ళి, ముందుగా మామ్మ మనవలకు చూపించి వస్తాను.