అప్‌డేట్: అమ్మానాన్నలతో రెడ్ లయన్ ఇన్‌లో ఉండి వచ్చాం

మోకాళ్ల నొప్పులున్న అమ్మని మసాచుసెట్స్‌లోని స్టాక్‌బ్రిడ్జ్ పాత సత్రానికి తీసుకెళ్లొచ్చా అని ఇక్కడ అడిగాను కదా. వెళ్లొచ్చాం. మెట్ల గురించే నా టెన్షన్ అంతా. లోపల పంజరంలాంటి పాతకాలపు లిఫ్ట్ ఉంది, అమ్మకి అదే తెగ నచ్చింది. 1773లో మొదలైన ఇన్ ఇది. 1896లో కాలిపోతే మరుసటి ఏడాదే మళ్లీ కట్టారు. నేల అక్కడక్కడా కిర్రుమంటుంది, నిద్ర పలచనైనవాళ్లు దూది తెచ్చుకోండి. నాన్నగారైతే వరండాలో ఊగే కుర్చీ వదల్లేదు. అమెరికన్ చిత్రకారుడు నార్మన్ రాక్‌వెల్ బొమ్మలుండే మ్యూజియం కూడా ఆ ఊళ్లోనే, కారులో కాసేపే. పెద్దవాళ్లతో వెళ్తే బుక్ చేసేటప్పుడే లిఫ్ట్‌కి దగ్గరి గది అడగండి. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.