‘వీడ్వడకుండఁ దాల్చె’: దేని నుంచి వీడకుండా?

హనుమకొండ (అడిగినవారు):
అందరికీ నమస్కారం. ఒక పాదం కొన్నాళ్లుగా నోట్లో నానుతోంది, పూర్తిగా మాత్రం రావడం లేదు. పోతన భాగవతం దశమ స్కంధంలో బ్రహ్మ లేగల్నీ గోపబాలుర్నీ దాచేస్తే కృష్ణుడు తానే వాళ్లందరూ అయ్యే ఘట్టం. ‘కరముల్ పాదములున్ శిరంబులు’ అని ఎత్తుగడ. చివరి పాదంలో ‘త్పరతల్ వీడ్వడకుండఁ దాల్చెఁ’ దాకా వచ్చి ఆగిపోతున్నాను. ఆ తర్వాత ‘తన’నా, ‘తగ’నా? అంతకన్నా ముఖ్యంగా, వీడ్వడకుండ అంటే ఇక్కడ ఏది దేని నుంచి వీడకుండా?

ఎందుకు అడుగుతున్నానో కూడా చెప్తాను. మా బడి వార్షికోత్సవానికి పదో తరగతి పిల్లలతో వేయించే నాటిక రాస్తున్నాను. నలుగురు అమ్మాయిలు, నలుగురూ ఒకే మనిషి కణాల నుంచి పుట్టిన క్లోన్‌లు. పెంచినవాళ్లు నలుగురికీ కలిపి ఒకటే పేరు పెట్టారు. ఒకటే ఆధార్, ఒకటే హాల్ టికెట్. రోజుకొకరు బడికి పోతారు. సాయంత్రం వచ్చాక ఆ రోజు ఎవరితో ఏం మాట్లాడింది, ఎక్కడ నవ్వింది, ఎవరికి పెన్ను ఇచ్చింది, అంతా మిగతా ముగ్గురికీ అప్పజెప్పాలి. లేకపోతే మరునాడు పోయేదానికి టెన్షన్. ఒకరోజు ఒకమ్మాయి ఒక్క మాట అప్పజెప్పకుండా దాచుకుంటుంది. కథ అక్కడ మొదలు. ఈ పద్యం నాయనమ్మ పాత్ర చదవాలి. అన్వయం తేలకుండా ఆమె నోట పెట్టడం నాకు ఇష్టం లేదు.

నర్సంపేట:
‘తన’నే మేడమ్. మొత్తం పద్యం ఇస్తున్నాను.

కరముల్ పాదములున్ శిరంబు లవలగ్నంబుల్ ముఖంబుల్ భుజాం
తరముల్ ముక్కులు గన్నులున్ శ్రవణముల్ దంతాదులున్ దండ కాం
బర స్రగ్వేణు విషాణ భూషణ వయో భాషా గుణాఖ్యాన త
త్పరతల్ వీడ్వడకుండఁ దాల్చెఁ దన రూపంబుల్ విభుం డొప్పఁగన్

యతి కూడా చూసుకోండి. పాదం ‘త్ప’తో మొదలైంది, పద్నాలుగో అక్షరం ‘రూపంబుల్’లోని ‘పం’. చక్కగా కుదిరింది. ఇక వీడ్వడకుండ అంటే తేడా పడకుండా. అసలు పిల్లలకూ ఈ పిల్లలకూ వెంట్రుకవాసి తేడా లేకుండా అని. ఇందులో చర్చించడానికి ఏముంది?

జనగామ:
పండితుల వారికి నమస్కారం. యతి ‘రూపంబుల్’ని నిలబెట్టింది కానీ ‘తన’, ‘తగ’ల సంగతి తేల్చలేదు సార్. ‘తగ’ అన్నా గణం చెడదు, యతీ చెడదు. ‘తన’ అని ఒప్పుకోవడానికి అసలు కారణం వేరే. చివర ‘ఒప్పఁగన్’ ఉంది కాబట్టి ముందు ‘తగ’ అంటే చెప్పిందే చెప్పినట్టు అవుతుంది. పోతన అలా వృథాగా మాట ఖర్చు పెట్టడు.

వీడ్వడకుండ దగ్గర కూడా నేను మీతో లేను. ముడి వీడింది అంటాం, జుట్టు వీడింది అంటాం, ఊరు వీడి పోయాడు అంటాం. పట్టుకుని ఉన్నది ఊడి పోవడమే వీడటం. రెండింటిని పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తే కనిపించే తేడా కాదు. కాబట్టి నా అన్వయం: ఏ పిల్లవాడి చేతికర్ర, ఏ పిల్లవాడి పిల్లనగ్రోవి, ఏ పిల్లవాడి మాటతీరు ఆ పిల్లవాణ్ణి వదిలిపోకుండా. అసలుతో పోల్చడం ఈ మాటలో లేదు.

జగిత్యాల:
మా దిక్కు అన్నదమ్ములు పాలు పంచుకుని వేరు కాపురం పెడితే ‘ఏరువడ్డరు’ అంటాం. వీడ్వడుడు, ఏరువడుడు ఒక్కటే అని నాకు చిన్నప్పటి నుంచీ అనుమానం. అదే అయితే అర్థం ఇంకా బాగుంటుంది. వేలాది పిల్లల రూపంలో ఉన్నా లోపల ఆయన ఏరువడలేదు, ఒక్కడే ఉన్నాడు అని.

నర్సంపేట:
తమ్ముడూ, ఏరువడు అన్నది వేరుపడు నుంచి వచ్చింది. ఇది వీడు, పడు కలిస్తే వచ్చింది. ‘ప’ ‘వ’ కావడం రెండింట్లోనూ ఉంది కానీ ధాతువు ఒకటి కాదు. చెవికి దగ్గరగా ఉన్నంత మాత్రాన చుట్టరికం కలపకూడదు.

జగిత్యాల:
ధాతువు వేరే అని ఒప్పుకుంటాను సార్. కానీ అన్వయం మాత్రం వదలను. ‘తన రూపంబుల్’ అన్నాడు కదా, ఆ ‘తన’కు నా అర్థంలో ఉన్న బలం మీ ఇద్దరి అర్థాల్లో రాదు.

కరీంనగర్:
మూలం చూడకుండా వాదించుకుంటున్నారు. సంస్కృత భాగవతంలో ఈ చోట ప్రతి సమాసానికీ ముందు ‘యావత్’ వస్తుంది. ‘యావచ్ఛీలగుణాభిధాకృతివయః’ అని ఉంది. యావత్ అంటే ఎంత ఉందో అంత, ఎట్లా ఉందో అట్లా. అంటే అసలుతో పోలికే. ఆ యావత్‌ను తెలుగులోకి తేవడానికి పోతన వాడిన మాట వీడ్వడకుండ. నర్సంపేట సార్ చెప్పిందే సరి.

ఇంకొకటి. మూలంలోని ‘అభిధ’ పోతన దగ్గర ‘ఆఖ్యాన’ అయింది. కాబట్టి ఆఖ్యాన అంటే ఇక్కడ కథ కాదు, పేరు. మేడమ్ నాటికకు ఇదే ముఖ్యం. కృష్ణుడు ఎవరి పేరు వాళ్లకు ఉంచాడు. నలుగురికి ఒక్క పేరు పెట్టలేదు.

జనగామ:
పేరు కావాలంటే ‘ఆఖ్య’ చాలు, ‘ఆఖ్యాన’ ఎందుకు? చెప్పడం, మాట్లాడే తీరు అని ఎందుకు కాకూడదు? మూలం గురించి మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. ఆ శ్లోకంలో చేతులు కాళ్లు, కర్ర, కొమ్ముబూర, వేణువు, నగలు, బట్టలు, శీలం, గుణం, పేరు, ఆకారం, వయసు, ఆటపాటలు ఉన్నాయి. భాష ఎక్కడుంది?

కరీంనగర్:
‘గిరః’ అని ఉంది కదా.

జనగామ:
ఆ ‘గిరః’ పిల్లల మాటల గురించి కాదండీ. ‘సర్వం విష్ణుమయం’ అనే వాక్కు ఒళ్లు దాల్చి వచ్చినట్టు ఉన్నాడు అని దాని అన్వయం. పిల్లల జాబితాలో మాట లేదు. ‘భాషా’ పోతన సొంతంగా వేసుకున్నాడు. నాకు ఈ పద్యంలో అన్నిటికన్నా ఇష్టమైన మాట అదే. ముక్కూ చెవులూ పళ్లూ కూడా ఆయన చేర్చినవే, కానీ అవి మూలంలోని ‘ఆదికం’ (మొదలైనవి) కింద వస్తాయి. భాష అట్లా రాదు. పశువుల వెంట తిరిగే పిల్లలు ఒక్కొక్కడు ఒక్కో తీరు మాట్లాడతాడు. ఒకడు నత్తి, ఒకడు గడగడ, ఒకడు ప్రతి మాటకూ ముందు ‘అరేయ్’. బమ్మెర పొలాల్లో తిరిగిన మనిషికి అది తెలుసు. రూపం దొరికితే సరిపోదు, మాట దొరకాలి అని ఆయనకు తట్టింది.

మంచిర్యాల:
నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను, పద్యం జోలికి రాను. నాటికలో ఒక చిక్కు ఉంది మేడమ్, అది చెప్పి పోతాను. క్లోన్‌లకు డీఎన్‌ఏ ఒకటే అయినా వేలిముద్రలు ఒకటి కావు. కడుపులో ఉన్నప్పుడు వేలి చర్మం పెరిగే తీరును బట్టి, చుట్టూ ఉన్న ఒత్తిడిని బట్టి ఆ గీతలు పడతాయి. ఒకే పిండం నుంచి వచ్చిన కవలలకే వేరుగా ఉంటాయి. కంటిపాప చుట్టూ ఉండే నమూనా కూడా అంతే. కాబట్టి ఒకే ఆధార్ మీద నలుగురూ వేలు పెడితే మిషన్ ఒక్కదాన్నే ఒప్పుకుంటుంది, మిగతా ముగ్గుర్నీ తిప్పి పంపుతుంది.

పైకి కూడా అచ్చు గుద్దినట్టు ఉండాలని లేదు. 2001 డిసెంబర్‌లో టెక్సస్‌లో మొదటి పిల్లి క్లోన్ పుట్టింది. తల్లికణం ఇచ్చిన పిల్లికి మూడు రంగులు, అందులో నారింజ ఒకటి. పుట్టిన పిల్లకు ఆ నారింజ రంగే రాలేదు. ఆడ పిల్లుల్లో ఏ కణంలో ఏ ఎక్స్ క్రోమోజోమ్ పని మానేస్తుందో దాన్ని బట్టి ఆ రంగు కనిపించడం, కనిపించకపోవడం ఉంటుంది. ఇక మీ లేగల ఘట్టానికి దగ్గరగా ఉండేది మన దేశంలోనే జరిగింది. హర్యానాలో కర్నాల్ పాడి పరిశోధన సంస్థలో 2009లో క్లోనింగ్‌తో బర్రెదూడ పుట్టింది. దానికి పెట్టిన పేరు సమ్రూప. కొద్దిరోజులకే చనిపోయింది. అదే ఏడు ఇంకో దూడ పుట్టింది, దాని పేరు గరిమ.

హనుమకొండ (అడిగినవారు):
సార్, వేలిముద్ర సంగతి చెప్పి మీరు నాటికకు పెద్ద మేలు చేశారు. రెండో రంగమే మారిపోతుంది. హాజరు మిషన్ ముందు నిలబడి రెండో అమ్మాయి వేలు పెడుతుంది, ఎర్ర లైటు వస్తుంది. తుడిచి మళ్లీ పెడుతుంది, మళ్లీ ఎర్ర లైటు. వెనక వరుసలో పిల్లలు విసుక్కుంటుంటారు. ఆ అమ్మాయి మాత్రం లోపల సంబరపడుతుంది, ఎందుకంటే తాను వేరే మనిషినని ఆమెకు మొదట చెప్పింది ఆ మిషన్.

నర్సంపేట:
దృశ్యం బాగుంది. కానీ మేడమ్, పోతన పద్యానికీ దీనికీ లంకె కుదరదు. అక్కడ ఒక్కడు ఇందరయ్యాడు. ఇక్కడ నలుగుర్ని పట్టుకుని ఒక్కరుగా ఉండమంటున్నారు. ఒకదానికొకటి పూర్తిగా తిరగబడిన సంగతులు.

హనుమకొండ (అడిగినవారు):
తిరగబడినందుకే పెట్టాలని ఉంది సార్. ఆయన ఒక్కడై ఉండి కూడా ప్రతి పిల్లవాడి తేడానూ కాపాడాడు. వీళ్లు నలుగురై ఉండి ఒక్క తేడా కూడా బయటపడకుండా బతకాలి. అందుకే జనగామ సార్ అన్వయం వైపు మొగ్గుతున్నాను. ఎవరిది వాళ్లను వీడకుండా.

కరీంనగర్:
నాటికకు నచ్చిందని అన్వయాన్ని ఎంచుకోవడం పద్ధతి కాదు మేడమ్. వెంటనే వచ్చే కందం చూడండి. ‘రూపంబు లెల్ల నగు బహు రూపకుఁ డిటు బాలవత్స రూపంబులతో నేపారు టేమి చోద్యము రూపింపఁగ నతని కితర రూపము గలదే’. అన్ని రూపాలూ ఆయనవే అయినప్పుడు ఎవరి తేడా, ఎవరి పేరు?

జగిత్యాల:
ఈ కందం నా పక్షమే! ఇతర రూపమే లేదన్నాడు. ఏరువడలేదనే కదా నేను మొదటి నుంచీ అంటున్నది.

జనగామ:
కందం కవి మాట, ఆశ్చర్యపోకండి అని చదివేవాడితో అంటున్నాడు. ఇంట్లో తల్లులకు ఆ సంగతి తెలియదు కదా. వాళ్లకు తమ పిల్లవాడే వచ్చాడు, కానీ ప్రేమ మాత్రం రోజురోజుకూ ఎక్కువైంది. ఇంకా బాగా పట్టిచ్చింది ఆవులు. కొత్త ఈత దూడలు ఉండగా, గోవర్ధనం మీద మేస్తున్నవి కింద పాలు మానిన పాత లేగల్ని చూసి కొండ దిగి పరుగెత్తాయి. అది చూసి బలరాముడికి అనుమానం వచ్చింది, అదీ ఏడాది నిండబోతుంటే. అన్నగారు కూడా అంతకాలం కనిపెట్టలేకపోయారంటే పోలిక అంత పక్కాగా ఉంది. నా అన్వయానికి ఇది అడ్డమే, ఐనా చెప్పకుండా ఉండలేను, అంత మంచి ఘట్టం.

వేములవాడ:
పోలిక అంటే గుర్తొచ్చింది. భాగవతంలో పోతనవి కాని భాగాలు కూడా ఉన్నాయి కదా. పంచమం గంగన, షష్ఠం ఏర్చూరి సింగన, చివరి రెండూ వెలిగందల నారయ. వీళ్లందరూ పోతన గొంతుతోనే రాయాలని చూశారు. సింగన చాలా దగ్గరికి వచ్చాడు కూడా. మేడమ్ నాటికలో అమ్మాయిల బాధ వీళ్లదీ. పద్యం బాగుంటే పోతన అంటారు, బాగాలేకపోతే సింగన అంటారు.

కడప నుంచి ఒక సభ్యుడు:
చర్చ బాగుంది. ఒక్క సవరణ. ‘బమ్మెర పొలాల్లో తిరిగిన మనిషి’ అన్నారు. పోతన చెప్పిన ఏకశిలానగరం అంటే ఒంటిమిట్ట అని మా వాళ్లు ఎప్పటి నుంచో చెప్తున్నారు.

జనగామ:
అన్నా, ఏకశిలానగరం ఓరుగల్లే. ఇంటిపేరే బమ్మెర అయినాక ఇంకేం కావాలి? ఆ ఊరు పాలకుర్తి మండలంలోనే ఉంది. ఇటు పాల్కురికి సోమన, అటు పోతన. ఒకాయన ద్విపద పట్టుకున్నాడు, ఒకాయన వృత్తాలను తేనెలో ముంచాడు. ఒకే నీళ్లు తాగి ఇద్దరూ ఒక్కలాగా రాయలేదు.

నిర్వాహకులు:
ఒంటిమిట్ట, ఓరుగల్లు వాదానికి పాత చర్చ ఉంది, అక్కడికి వెళ్లండి. ఇక్కడ వీడ్వడకుండ మీదే మాట్లాడండి.

నర్సంపేట:
సరే. నేను ఒక మెట్టు దిగుతాను. వీడటం అంటే ఊడిపోవడం అన్న జనగామ వారి మాట కాదనలేను. కానీ వాక్యంలో ‘తత్పరతల్’ ఉంది. ఆ పనుల మీద ఉండే ఆసక్తి, మునిగిపోవడం. కరముల్ నుంచి తత్పరతల్ దాకా అన్నీ వీడ్వడకుండకు కర్తలా, దాల్చెకు కర్మలా? కర్తలైతే మీదే సరి. కర్మలైతే నాదే. ‘రూపంబుల్’ ఒక్కటే కర్మ అని మీరు చూపించగలరా?

జనగామ:
చూపిస్తాను సార్, రాత్రికి రాస్తాను. దాల్చుటకు రెండు కర్మలు కుదరవు అన్నది నా మొదటి మాట.

కరీంనగర్:
కుదురుతాయి. అది తేలే లోపు ఆఖ్యాన సంగతి చెప్పండి, మీరు దాన్ని దాటేశారు.

హనుమకొండ (అడిగినవారు):
మంగళవారం రిహార్సల్ ఉంది. నాయనమ్మ పద్యం మాత్రమే చదువుతుంది, తాత్పర్యం చెప్పదు. ఆమెను నాలుగో అమ్మాయి ‘ఎవరి నుంచి వీడకుండా?’ అని అడుగుతుంది. జవాబుకు మీ రాత్రి పోస్టు కోసం చూస్తాను సార్. ఈలోగా ఎవరైనా ‘అవలగ్నంబుల్’ పిల్లలకు పలకడం ఎట్లా నేర్పాలో చెప్పండి, రిహార్సల్‌లో అందరూ అక్కడే విరుస్తున్నారు.