సంక్రాంతి మంచు ట్రిప్: గురువారం రాత్రిలోపు తేల్చాలి
(స్విట్జర్లాండ్ తెలుగువాళ్ల గ్రూపు చాట్. పేర్ల ముందున్నవి ఎవరెవరు ఉండే ఊళ్లు.)

వింటర్‌థూర్ అక్క, మంగళవారం 20:10
అందరికీ నమస్కారం. గురువారం రాత్రికల్లా చోటు ఖాయం చేసి అడ్వాన్స్ కట్టకపోతే జనవరిలో 34 మందికి ఒకే ఇంట్లో చోటు దొరకదు. పనులు ఇలా అనుకున్నా.
1. చోటు: బాసెల్ అన్న
2. రైలు టికెట్లు: జుగ్ చెల్లి
3. వంట: నేను, ఆరావ్ వదిన
4. పిల్లల స్కీలు, బూట్ల అద్దె: బాడెన్ తమ్ముడు
5. ముగ్గులు, భోగిపళ్లు: ఎవరు?

బాసెల్ అన్న, 20:41
"కార్లు, హడావిడి లేని పాతకాలపు ఊరు" అన్నారు కదా. వెంగెన్ చూశాను. సరిగ్గా జనవరి మధ్యలో అక్కడ లౌబర్‌హార్న్ పందెం. స్కీ ప్రపంచ కప్పులో అన్నిటికన్నా పొడవైన డౌన్‌హిల్ (కొండ దిగువకి జారే పందెం), దాదాపు నాలుగున్నర కిలోమీటర్లు. ఆ వారాంతం ఊరంతా తిరునాళ్లే, గదులు అడగడం దండగ.
మ్యూరెన్ అంటే నాకు ప్రాణం. 1922లో ఆధునిక స్లాలమ్ (జెండాల మధ్య మెలికలు తిరుగుతూ స్కీ చేయడం) మొదటి పందెం జరిగిన ఊరది. కానీ లౌటర్‌బ్రున్నెన్‌లో రోప్‌వే ఎక్కాలి, పైన గ్రూట్షాల్ప్‌లో దిగి మళ్లీ చిన్న రైలు ఎక్కాలి. మనతో ఇద్దరు అమ్మమ్మలు, మూడు స్ట్రోలర్లు, వదిన గ్రైండరు. నా వల్ల కాదు.
బెట్మెరాల్ప్ అలెచ్ హిమానీనదం పక్కనే. ఎత్తు దాదాపు 2,000 మీటర్లు, మంచుకు భరోసా. మాస్టారి బీపీకి మాత్రం భరోసా లేదు.
నా ఓటు బ్రౌన్‌వాల్డ్‌కి. జ్యూరిక్‌లో ఎస్25 లోకల్ రైలు ఎక్కితే లింటాల్ దాకా మారే పని లేదు. అక్కణ్ణించి కొండ మీదికి బాన్ (తీగతో లాగే కొండ రైలు), 1907 నుంచీ నడుస్తోంది. పైన కార్లు లేవు. 40 పడకల ఇల్లుంది, వంటిల్లు మొత్తం మనకే. ఆ ఇంటి ఓనరావిడతో మాట్లాడాను, ఫారం పంపమంది.

జుగ్ చెల్లి, 20:55
ఊరు 1,250 మీటర్లే కదా అన్నా. వాన పడితే?

బాడెన్ తమ్ముడు, 21:02
లిఫ్టులు 1,900 దాకా వెళ్తాయి. అయినా మనలో స్కీ వచ్చింది తొమ్మిది మందికి. మిగతావాళ్లు ష్లిట్టెన్ (మంచు మీద జారే చెక్క బండి) మీద జారి, సూప్ తాగి, ఫొటోలు దిగే బాపతే. నేను ఆ బాపతే.

ఖజానా (గ్రూపు డబ్బు లెక్కలు చూసే మనిషి), 21:20
పదహారేళ్లలోపు పిల్లలకి 30 ఫ్రాంకుల రైలు జూనియర్ కార్డు తీసుకోండి, అమ్మతోనో నాన్నతోనో వెళ్తే ఏడాదంతా ప్రయాణం ఉచితం. ఆరేళ్లలోపు వాళ్లకి అదీ అక్కర్లేదు. తరవాత నన్ను తిట్టకండి.

బాసెల్ అన్న, బుధవారం 12:47
ఇంటావిడ మెయిలు వచ్చింది. ఇల్లు ఇవ్వదట. మన ఫారంలో కార్యక్రమం అనే గడిలో ఎవరో "తెల్లవారుజామున భోగి మంట, 34 మందికి గారెలు, అరిసెలు, రాత్రంతా పాటలు" అని రాశారు. వంటింట్లో నూనె మూకుడు పెట్టనివ్వదు. ఇంటి ముందు మంట వద్దు. పదింటి తరవాత చప్పుడు వద్దు. "మా ఊరికి జనం నిద్రపోవడానికి వస్తారు" అని చివర్లో ఒక ముక్క.

వింటర్‌థూర్ అక్క, 12:58
రాసింది నేనే. అడిగారు, ఉన్నది రాశా.

బాడెన్ తమ్ముడు, 13:01
అక్కా, "పండగ భోజనం" అని రాస్తే సరిపోయేదిగా.

వింటర్‌థూర్ అక్క, 13:03
నిరుడు హాలువాళ్లకి "చిన్న టీ పార్టీ" అని రాసింది ఎవరు తమ్ముడూ?

ఖజానా, 13:04
ఆ 400 ఫ్రాంకులు పుస్తకంలో ఇంకా ఎర్ర సిరాతోనే ఉన్నాయి.

ఆరావ్ వదిన, 13:10
గారెల్లేని సంక్రాంతికి కొండెక్కడం ఎందుకు? ఇక్కడే ఏదో హాలు చూడండి.

జుగ్ చెల్లి, 13:12
వదినా, మీ అత్తయ్యగారు ఒంగోలు నుంచి మూడు నెలల వీసా మీద వచ్చింది హాలు చూడ్డానికా?

బాసెల్ అన్న, 13:15
మధ్యాహ్నం తిండి మానుకుని ఆవిడతో జర్మన్‌లో బతిమాలింది నేను. అక్కడి గ్లారుస్ యాస అర్థంకాక ప్రతి మాటా మూడుసార్లు చెప్పించుకున్నా. ఇక ఎవరికి ఓపికుంటే వాళ్లు చూసుకోండి.

బెర్న్ మాస్టారు, 17:22
బాసెల్‌కి ఫోన్ చేశాను. టీ తాగుతున్నాడు, పర్లేదు. అది పాతకాలపు చెక్క ఇల్లు. ఆ ఇల్లు నాదైతే నేనూ మూకుడు వద్దనేవాణ్ణి. అరిసెలు ఎలాగూ వారం నిలవుంటాయి, ఇళ్లలో వండి డబ్బాల్లో పట్టుకెళ్దాం.

ఆరావ్ వదిన, 17:30
అరిసెలు సరే మాస్టారూ. చల్లారిన గారెలు ఎవరు తింటారు?

జుగ్ చెల్లి, 17:31
ఆవడలు! గారెలు మా ఇంట్లో వేసేద్దాం, పైకెళ్లాక పెరుగులో పడేద్దాం.

ఆరావ్ వదిన, 17:44
సరే. పెరుగు నేను తోడుపెట్టి తెస్తా, ఇక్కడ కొన్న పెరుగు చప్పగా ఉంటుంది. తాళింపు కూడా ఇంటి దగ్గరే. పొంగలికి మాత్రం అక్కడి పొయ్యి చాలు.

బాడెన్ తమ్ముడు, 18:05
అక్కా, మధ్యాహ్నం నోరు జారాను. మంట సంగతి నాకొదిలేయండి. ఊళ్లో అందరూ వాడుకునే మంట చోటు ఏదైనా ఉందేమో టూరిస్ట్ ఆఫీసుకి ఫోన్ చేసి అడుగుతా. ఉంటే పగలే వేద్దాం, లేకపోతే గుమ్మం దగ్గర లాంతర్లు.

వింటర్‌థూర్ అక్క, 18:09
సరేలే. స్కీల అద్దె కూడా మర్చిపోకు.

జుగ్ చెల్లి, 18:20
ముగ్గు? మంచు మీద తెల్లపిండి ఏం కనబడుతుంది?

బాసెల్ అన్న, 18:21
ఆవిడ గుమ్మంలో రంగు పడిందంటే నేను జర్మన్ మర్చిపోతా.

ఆరావ్ వదిన, 18:40
మా అత్తయ్య అంటున్నారు: వేలితో మంచులోనే గీసేయమని. పేడ లేదు కాబట్టి గొబ్బెమ్మలు కూడా మంచు ముద్దలతోనేనట. పైన పెట్టడానికి చామంతులు తెస్తే చాలట.

జుగ్ చెల్లి, 18:42
జ్యూరిక్‌లో శ్రీలంక తమిళుల కొట్టుకి వెళ్తున్నా. చెరకు ఉంటే రెండు గడలు అట్టే పెట్టమంటా. రేగిపళ్లు దొరకవు, భోగిపళ్లకి బ్లూబెర్రీలే.

బాసెల్ అన్న, గురువారం 19:36
మళ్లీ మాట్లాడాను. మూకుడు లేదు, ఇంటి దగ్గర మంట లేదు, పదింటికి పాటలు బంద్ అని రాసిచ్చాక ఒప్పుకుంది. ఇంకో షరతు: లోపలికి బూట్లతో రాకూడదు, ఎవరి ఇంటి చెప్పులు వాళ్లు తెచ్చుకోవాలి.

ఆరావ్ వదిన, 19:38
అది మనకి చెప్పాలా!

ఖజానా, 21:52
అడ్వాన్స్ కట్టేశాను. పెద్ద స్టీలు డబ్బాలు ఎవరి దగ్గరున్నాయి?

వింటర్‌థూర్ అక్క, 21:55
నా దగ్గర రెండున్నాయి. ఒకదాని మూత నిరుటి నుంచీ బాడెన్‌లోనే ఉంది.

బాడెన్ తమ్ముడు, 22:03
వెతుకుతున్నా.